ఇంటి దీపం - కంటి ఆరోగ్యం

ఇంద్రియాలన్నింటిలోనూ కన్నే ప్రధానమని మన పెద్దలు చెబుతూ వచ్చారు. కంటికి హితమైన ఆహారాన్ని గురించి, ఔషధాలను గురించి అనుభవజ్ఞులైన వైద్యులెందరో వ్రాశారు. అయితే కన్ను దినమంతా సేవించేది వెలుగు. కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే మొదటి ముద్దలోనే గుర్తిస్తాం. ఇంట్లో వెలుగు ఎక్కువైనా, తక్కువైనా, రాకూడని వైపునుండి వచ్చినా ఏళ్ల తరబడి గుర్తించం. తలనొప్పి అంటాం, కళ్లమంట అంటాం, కళ్లజోడు మారుస్తాం. దీపాన్ని మాత్రం అనుమానించం.

సాయంకాలమయ్యేసరికి కళ్లు బరువెక్కుతున్నాయనీ, కనుబొమల మధ్య నొప్పి వస్తున్నదనీ నావద్దకు వచ్చేవారిని నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "మీరు చదివే చోట, పని చేసే చోట దీపం ఎటువైపు ఉన్నది?" అని. చాలామంది విస్తుపోతారు. "ఎన్ని వాట్ల బల్బు అని అడుగుతారనుకున్నామండీ" అంటారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచిన ముఖ్యవిషయం ఇదే. ఇంటి వెలుగు విషయంలో బల్బు ఎంత పెద్దది అన్నదానికంటే, అది ఎక్కడ ఉన్నది, ఏ వేళ వెలుగుతున్నది అన్నవి ముఖ్యం. ఈ రెండూ సరిదిద్దుకోవడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు.

శాస్త్రం చెప్పిన మూడు దోషాలు

ఆయుర్వేదం నేత్రాన్ని తేజోప్రధానమైన ఇంద్రియంగా పేర్కొన్నది. రూపాన్ని గ్రహింపజేసే ఆలోచక పిత్తానికి స్థానం కన్ను. సుశ్రుతాచార్యులు 76 నేత్రరోగాలను వర్ణించి, వాటికి దారితీసే కారణాలలో అతి సూక్ష్మమైన వస్తువులను ఎడతెగక చూడటాన్ని, నిద్ర క్రమం తప్పడాన్ని కూడా చేర్చారు.

చరకసంహిత మరొక గొప్ప సూత్రాన్ని చెప్పింది. ఇంద్రియానికీ దాని విషయానికీ కలిగే సంబంధం మూడు విధాలుగా చెడుతుంది. మితిమీరితే అతియోగం. చాలకపోతే అయోగం. తప్పుడు రీతిలో జరిగితే మిథ్యాయోగం. మిక్కిలి ప్రకాశించే వస్తువులను అదేపనిగా చూడటం కంటికి అతియోగం. బొత్తిగా చూడకపోవడం అయోగం. మరీ దగ్గరగా, మరీ దూరంగా ఉన్నవాటిని కష్టపడి చూడటం మిథ్యాయోగం. ఈ మూడింటినీ ఇంటి దీపాలకు అన్వయించి చూస్తే, నేటి గృహాలలోని లోపాలన్నీ వీటిలోనే ఇమిడిపోతాయని నా అనుభవం.

వెలుగుకు కొలత

మనం చూసే వస్తువుపై పడే వెలుగును నేటి శాస్త్రజ్ఞులు 'లక్స్' అనే మానంతో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది సుమారు 1,00,000 వరకు ఉంటుంది. ఆరుబయట నీడపట్టున కొన్ని వేలు ఉంటుంది. అదే రాత్రివేళ, గది మధ్యలో ఒకే బల్బు ఉన్న ఇంట్లో 50 నుండి 150 వరకు ఉండటం సాధారణం. ఒక కొవ్వొత్తి అడుగు దూరంలో ఇచ్చేది దాదాపు 10 మాత్రమే. సౌకర్యంగా చదవడానికి, వ్రాయడానికి పుస్తకం మీద 300 నుండి 500 లక్స్ వెలుగు ఉండాలని నిపుణులు చెబుతారు.

ఇంత తేడాను మనం ఎందుకు గుర్తించలేకపోతున్నాం? కంటిపాప తనంతట తాను పెద్దదై, చిన్నదై సర్దుకుంటుంది. లోపలి నేత్రపటలం కూడా వెలుగుకు తగినట్లు తన గ్రహణశక్తిని మార్చుకుంటుంది. ఇది భగవంతుడు కంటికిచ్చిన వరం. కానీ సర్దుకుపోయేవారి కష్టం ఇంట్లో ఎవరికీ తెలియనట్లే, కంటి శ్రమ కూడా మనకు తెలియదు.

ఒక చిన్న లెక్క గృహస్థులు జ్ఞాపకం ఉంచుకోవాలి. చిన్న దీపాన్ని చదివే పుస్తకానికి సగం దూరానికి తెస్తే దానిపై పడే వెలుగు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. కాబట్టి గది కప్పుకు మరింత పెద్ద బల్బు బిగించడంకంటే, చిన్న దీపాన్ని పనికి దగ్గరగా తేవడం మేలు. కరెంటూ ఆదా, కన్నూ ఆదా.

అయోగం: వెలుగు చాలకపోవడం

మసక వెలుగులో చదివితే చూపు పోతుందని మన ఇళ్లలో పిల్లలను భయపెడతారు. ఈ భయంలో అతిశయోక్తి ఉన్నది. ఒక రాత్రి గుడ్డిదీపం వద్ద చదివినంతమాత్రాన కన్ను చెడిపోదు. అయితే కన్ను అలసిపోతుంది. వెలుగు చాలనప్పుడు పాప విప్పారుతుంది, అక్షరాల స్పష్టత తగ్గుతుంది. పిల్లవాడు తనకు తెలియకుండానే పుస్తకాన్ని ముక్కు దగ్గరకు తెచ్చుకుంటాడు. అయోగం కాస్తా మిథ్యాయోగంగా మారేది ఇక్కడే. దాని ఫలితమే తలనొప్పి, కళ్లు పులపడం, చదువుమీద విసుగు.

ఇళ్లలో ఎవరూ పట్టించుకోని విషయం పెద్దవారి చూపు. వయస్సు పెరిగినకొద్దీ కంటిపాప కుంచించుకుపోతుంది, లోపలి కటకం పసుపువన్నెకు తిరుగుతుంది. ఒకే దీపం క్రింద కూర్చున్నా, ఇరవై ఏళ్ల మనుమడి నేత్రపటలానికి చేరే వెలుగులో సుమారు మూడోవంతు మాత్రమే అరవై ఏళ్ల తాతగారికి చేరుతుంది. "ఈ వెలుగు నాకు చాలుతోంది కదా, మీకెందుకు చాలదు?" అని పిల్లలు అనడం వారి దోషం కాదు, తెలియకపోవడం.

నాకు తెలిసిన ఒక గృహిణి డెబ్బయ్యో పడిలో రామాయణ పారాయణం మానుకున్నారు. శుక్లాల శస్త్రచికిత్స అంతకుముందే జరిగింది. చూపు మళ్లీ మందగించిందని ఆమె నిశ్చయించుకుని, ఎవరితోనూ చెప్పక లోలోపల క్రుంగిపోయారు. నేత్రవైద్యులు పరీక్షించి కన్ను బాగానే ఉన్నదన్నారు. విచారిస్తే, ఇంటికి సున్నం వేయించినప్పుడు ఆమె పీటను కిటికీ ప్రక్కనుండి గది మూలకు మార్చారని తెలిసింది. పీటను పూర్వస్థానానికి చేర్చి, సాయంకాలానికి ప్రక్కన ఒక బల్లదీపం పెట్టించాం. పారాయణం మళ్లీ సాగింది. పెద్దవారు చదవడం, కుట్టడం, పూలు కట్టడం మానుకున్నారంటే వయస్సు మీద నెట్టివేయక, ముందు కన్ను చూపించండి, పిమ్మట దీపం చూడండి.

పిల్లలకు అసలైన దీపం సూర్యుడే

ఈ రోజులలో పసిపిల్లలకు సైతం హ్రస్వదృష్టి రావడం, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించడం, ఎక్కువైంది. దీనికి వంశపారంపర్యం, ఎడతెగని దగ్గరి చూపు కారణాలే. అయితే పగటి వెలుగు కొరవడటం కూడా ఒక కారణమని ఇటీవలి పరిశోధనలు తేల్చాయి. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో 12 పాఠశాలల పిల్లలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. రోజుకు అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన మొదటి తరగతి పిల్లలలో మూడేళ్లలో సుమారు 30 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది. అలా గడపని పిల్లలలో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. తైవాన్ దేశంలో 2010 నుండి పాఠశాల పిల్లలను రోజుకు రెండు గంటలు ఆరుబయట ఉంచే కార్యక్రమాన్ని ప్రభుత్వమే చేపట్టింది.

ఇంట్లో ఎంత ఖరీదైన దీపం పెట్టినా ఆరుబయటి వెలుగుకు సాటి రాదు. ఎండ తీక్షణంగా లేని ఉదయం, సాయంకాలం వేళల్లో పిల్లలను ఆటకు పంపండి. సూర్యుని వంక నేరుగా చూడరాదని మాత్రం గట్టిగా చెప్పండి. ఆట అంటే చదువుకు నష్టమని తలచే తల్లిదండ్రులు, చదివే కన్నుకు అది పోషణ అని గ్రహించాలి.

అతియోగం: మిరుమిట్లు

పూర్వం మన ఇళ్లలో వెలుగు తక్కువే. ఆముదపు దీపం గూటిలో ఉండేది, లేదా సెమ్మె మీద ఉండేది. ఆ మంటను నేరుగా చూసినా కంటికి బాధ లేదు. నేడు మన ఇళ్లలో ఎల్.ఇ.డి. బల్బులు నిండిపోయాయి. నీలికాంతినిచ్చే ఎల్.ఇ.డి.ని రూపొందించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో 2015లో మొదలైన 'ఉజాలా' పథకంతో ఈ బల్బులు సామాన్యుల ఇళ్లకు చేరాయి. కరెంటు ఖర్చు తగ్గింది. ఇది మంచి మార్పు. అయితే ఈ దీపాలలో వెలుగంతా చిన్న బిందువులనుండి తీక్షణంగా వెలువడుతుంది. పైకప్పు అలంకరణలో బిగించిన చిన్న దీపాలు సోఫాలో వెనక్కు వాలిన మనిషి కళ్లలోకి సూటిగా గుచ్చుకుంటాయి. నున్నని గచ్చు, నల్లరాతి వంటగట్టు, అద్దాల బీరువా ఆ వెలుగును మరొకసారి కంటికి తిప్పికొడతాయి. అందం కోసం పెట్టిన ఈ దీపాలను చూసినప్పుడల్లా "కన్నుపోయేంత కాటుక" అన్న సామెత నాకు గుర్తుకు వస్తుంది.

మీ ఇంట్లో ఈ దోషం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఒక సులభ పరీక్ష. మీరు రోజూ కూర్చునే చోట కూర్చోండి. ఎండలో దూరం చూసేటప్పుడు చెయ్యి అడ్డుపెట్టుకున్నట్లు, అరచేతిని కనుబొమలపై చూరులాగ పట్టండి. ఆ క్షణంలో కంటికి హాయి అనిపిస్తే ఏదో ఒక దీపం సూటిగా మీ కంట్లో పడుతున్నదని అర్థం. ఆ దీపానికి ముసుగు వేయండి, లేదా ప్రక్కకు తిప్పండి.

గదంతా చీకటి చేసి టెలివిజన్‌గానీ, సెల్‌ఫోన్‌గానీ చూడటం మరొక అతియోగం. నల్లని గదిలో తెల్లని తెర. కన్ను ఈ రెండింటి మధ్య సర్దుకోలేక అలసిపోతుంది. తెర చూసేటప్పుడు గదిలో మెత్తని వెలుగు ఉండాలి. తెర వంక చూస్తున్నంతసేపూ మనం రెప్పవేయడం బాగా తగ్గుతుంది. సహజంగా నిమిషానికి సుమారు పదిహేనుసార్లు వేసే రెప్ప, సగానికి, అంతకంటే తక్కువకు పడిపోతుంది. కన్నీటి పొర ఆరిపోయి మంట పుడుతుంది. దీనికి మందు రెప్పవేయడమే. ప్రతి ఇరవై నిమిషాలకొకసారి చూపును దూరపు వస్తువుపైకి మళ్లించి, పదిసార్లు నెమ్మదిగా రెప్పలు మూసి తెరవండి.

మిథ్యాయోగం: వెలుగు వచ్చే దిక్కు

గురుకులంలో మా గురువుగారు పగటి పాఠాన్ని వసారాలో చెప్పేవారు. శిష్యులందరూ ఎడమవైపునుండి వెలుతురు పడేలా కూర్చోవాలి. వ్రాసే చేతి నీడ అక్షరంపై పడరాదని దాని భావం. సంధ్యవేళ గ్రంథం తెరవనిచ్చేవారు కాదు. రాత్రి భోజనానంతరం దీపం తగ్గించి, కంఠస్థమైన శ్లోకాలను చీకట్లోనే వల్లెవేయించేవారు. నోటికీ మనస్సుకూ పని, కంటికి విశ్రాంతి. నేటి పిల్లలకూ ఇది ఆచరణీయమే. ఎక్కాలు, పద్యాలు, సూత్రాలు వంటివి చీకటి పడ్డాక చూడకుండా అప్పజెప్పించవచ్చు.

వంటింటిని చూడండి. సాధారణంగా దీపం గది నడిమధ్యన ఉంటుంది. వంటగట్టు గోడవైపు ఉంటుంది. గృహిణి గట్టువైపు తిరిగి నిలబడగానే ఆమె నీడే కత్తిపీట మీద, పొయ్యి మీద పడుతుంది. తన నీడలో తాను కూరలు తరుగుతూ, బియ్యంలో రాళ్లు ఏరుతూ ఏళ్లు గడుపుతుంది. గట్టుకు పైన, అరల అడుగున ఒక చిన్న దీపం ముసుగుతో బిగిస్తే ఈ దోషం తొలగుతుంది. వేలు తెగే ప్రమాదమూ తగ్గుతుంది.

కంప్యూటరుకు వెనుకనో, ఎదురుగానో కిటికీ ఉండటం కూడా మిథ్యాయోగమే. కిటికీ తెరకు ప్రక్కగా ఉండాలి. ఇక కదలాడే వెలుగు. మన కరెంటు స్వభావాన్ని బట్టి పాతరకపు చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. ఆ మిణుకు కంటికి కనిపించకపోయినా, కొందరికి తలనొప్పిని కలిగిస్తుంది. ఇంగ్లండులో 1989లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, మిణుకు లేని దీపాలు అమర్చిన కార్యాలయంలో తలనొప్పులు, కంటి అలసట సగానికి పైగా తగ్గాయి. నాసిరకం ఎల్.ఇ.డి. బల్బులలోనూ ఈ దోషం ఉంటుంది. సెల్‌ఫోన్ కెమెరాను వెలుగుతున్న దీపంవైపు పెట్టినప్పుడు తెరపై నల్లని చారలు బాగా కదులుతూ కనిపిస్తే, చదివేచోట ఆ దీపం వద్దు.

రాత్రికి చీకటి కూడా ఔషధమే

కన్ను చూడటానికి మాత్రమే కాదు, రాత్రి పగలు ఎప్పుడో శరీరానికి తెలపడానికి కూడా. నేత్రపటలంలో ఈ పనికై ప్రత్యేక కణాలున్నాయని 2002లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఇవి నీలివన్నె వెలుగుకు ఎక్కువగా స్పందించి, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ స్రావాన్ని అణచివేస్తాయి. అందువల్ల పడుకునే ముందు తెల్లని తీక్షణమైన వెలుగు నిద్రను దూరం చేస్తుంది. నిద్ర క్రమం తప్పడం కంటికి చేటని సుశ్రుతాచార్యులు చెప్పిన మాటను ఇక్కడ స్మరించుకోవాలి.

బల్బు పెట్టెమీద 2700 అనే అంకె పక్కన 'కె' అక్షరం ఉంటే అది పసుపువన్నె వెలుగు. 6500 ఉంటే నీలిచాయ తెలుపు. పడకగదికి మొదటిది, పగటివేళ పనిగదికి 4000 ప్రాంతంలోనిది తగినవి. ఇంటి బల్బులలోని నీలికాంతివల్ల నేత్రపటలం దెబ్బతింటుందన్న భయానికి ఆధారం లేదు. నీలికాంతిని ఆపే కళ్లద్దాలు కంటి అలసటను తగ్గిస్తాయన్న ప్రకటనలకూ బలం చాలదని, 2023లో అనేక పరిశోధనలను క్రోడీకరించిన సమీక్ష తేల్చింది. ఆ డబ్బుతో ఒక మంచి బల్లదీపం కొనుక్కోవచ్చు.

అయితే వృద్ధులున్న ఇంట్లో పడకనుండి స్నానాలగది వరకు కటికచీకటి ఉండరాదు. వెలుగునుండి చీకటికి వచ్చిన కన్ను పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆలోగా గడప తగిలి పడి తుంటి ఎముక విరిగినవారిని ఎందరినో చూశాను. దారి పొడవునా నేలకు దగ్గరగా, పసుపువన్నెలో ఒకటి రెండు చిన్న దీపాలు చాలు.

ఇంట్లో చేయదగిన సవరణలు

1. చదివే బల్ల కిటికీకి ప్రక్కగా వేయండి. కుడిచేతితో వ్రాసేవారికి వెలుగు ఎడమనుండి, ఎడమచేతివారికి కుడినుండి రావాలి.
2. బల్లదీపం ముసుగు అంచు కంటిమట్టానికి క్రిందుగా ఉండాలి. గది దీపం కూడా వెలుగుతూ ఉండాలి.
3. గోడలకు, కప్పుకు లేతరంగు వేయించండి. బల్బులపై పేరుకున్న దుమ్మును నెలకొకసారి, స్విచ్చి ఆపి, చల్లారాక తుడవండి.
4. పెద్దవారు చదివేచోట దీపాన్ని దగ్గరకు తెండి. వెలుగు పుస్తకం మీద పడాలి, కంట్లో పడరాదు.
5. పడుకోవడానికి గంట ముందునుండి ఇంటి దీపాలు తగ్గించండి, సెల్‌ఫోన్ ప్రక్కన పెట్టండి.

కంటికి హితమైన గృహోపచారాలు

అలసిన కళ్లు మూసి, చల్లని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన నూలుగుడ్డను రెప్పలపై ఐదు నిమిషాలు ఉంచడం హాయినిస్తుంది. అరికాళ్లకు నువ్వులనూనె మర్దన చేసే పాదాభ్యంగాన్ని దృష్టికి హితమని శాస్త్రం చెప్పింది. అది మంచి నిద్రకూ తోడ్పడుతుంది. పొన్నగంటికూర, మునగాకు, తోటకూర, ఉసిరి, బొప్పాయి భోజనంలో తరచుగా ఉండాలి. రాత్రివేళ త్రిఫలాచూర్ణాన్ని తేనె, నెయ్యిలతో సేవించడం నేత్రబలానికి మేలని వాగ్భటాచార్యులు చెప్పారు. ఈ రెండింటినీ సమపాళ్లలో కలపరాదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, ఇతర మందులు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా దీనిని వాడరాదు.

ఒక హెచ్చరిక. తేనె, ఆముదం, ఉల్లిరసం, చనుబాలు వంటివేవీ ఇంట్లో కంట్లో వేయరాదు. నేత్రచికిత్సలో శుద్ధి ప్రాణసమానం. వంటింటి సీసాలో ఆ శుద్ధి ఉండదు.

దీపం మార్చితే తీరనివి

దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తూ కంటినొప్పి, తలనొప్పి, వాంతులు కలిగితే అది నీటికాసుల తీవ్రరూపం కావచ్చు. గంటలు కూడా ఆలస్యం చేయక నేత్రవైద్యుని చేరాలి. ఉన్నట్టుండి చూపు తగ్గినా, కంటిముందు మెరుపులు, తెరలు అడ్డుపడినా అంతే. మసకవెలుగులో అసలే కనిపించకపోవడం రేచీకటి కావచ్చు. ఎదురు దీపాల వెలుగు చెదిరిపోయి కనిపించడం శుక్లాలకు సూచన కావచ్చు. మధుమేహరోగులు ఏ బాధా లేకపోయినా ఏటేటా కన్ను పరీక్ష చేయించుకోవాలి. నలభై దాటినవారు, వంశంలో నీటికాసులు ఉన్నవారు క్రమం తప్పక చూపించుకోవాలి. నీటికాసుల వల్ల ఒకసారి పోయిన చూపును నావంటి ఆయుర్వేద వైద్యుడుగానీ, అల్లోపతి వైద్యుడుగానీ తిరిగి తేలేరు. ఉన్న చూపును మాత్రం నిలుపుకోగలం.

ఈ రాత్రి దీపాలు వెలిగించాక మీ ఇంట్లో ఒక్కసారి ప్రతి గదిలోనూ, ప్రతి ఒక్కరూ కూర్చునే చోట ఐదేసి నిమిషాలు కూర్చుని చూడండి. అమ్మగారి పీట దగ్గర, పిల్లవాడి బల్ల దగ్గర, వంటగట్టు ముందర. ఎవరు నీడలో ఉన్నారో, ఎవరి కంట్లో వెలుగు గుచ్చుకుంటున్నదో మీకే తెలుస్తుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. చూపుండగానే దీపాన్నీ చక్కబెట్టుకుందాం.